జీపు క్లచ్ ఎందుకు చాలదు? విల్లీస్ నుంచి సాలూరు ఘాటీ దాకా

కొండ దారిలో జీపు తిప్పే ఎవర్ని కదిపినా మొదట చెప్పే మాట ఒకటే: "బండి బంగారం, కంపెనీ క్లచ్చే ఆగట్లేదు." పాలకొండ, పార్వతీపురం, సాలూరు వైపు ఏ షెడ్డు ముందు నిలబడినా గేర్‌బాక్స్ దించేసిన బండి ఒకటి కనిపిస్తుంది. క్లచ్ ప్లేట్ కాలిన వాసన ఒక్కసారి పీలిస్తే మరి మరిచిపోలేం. మన దగ్గర చాలామంది దీన్ని ఈ మధ్య వచ్చిన తెగులు అనుకుంటారు. పాత ఇనుము గట్టిది, ఇప్పుడు రేకు బండ్లు చేస్తున్నారు అంటారు. చరిత్ర చూస్తే సంగతి వేరేలా ఉంది. జీపు పుట్టినప్పుడే దాని క్లచ్ చిన్నది. దాన్ని మొదట పెంచింది సైన్యం కోసం కాదు, రైతు కోసం. ఈ పోస్టంతా ఆ కథే. కాస్త పొడుగే, టీ పెట్టుకుని చదవండి.

ముందు క్లచ్ అంటే ఏటో రెండు ముక్కలు. ఇంజను వెనక బరువైన చక్రం ఉంటుంది, ఫ్లైవీల్. దాని మొహానికి ఆనుకుని గుండ్రటి ప్లేటు, దానికి రెండు వైపులా లైనింగు. వెనక నుంచి ప్రెజర్ ప్లేటు స్ప్రింగుల బలంతో దాన్ని ఫ్లైవీల్‌కి అదిమి పెడుతుంది. పెడల్ తొక్కితే అదుము వదులుతుంది, వదిలితే పట్టుకుంటుంది. ఆ పట్టు ఎంత ఉంటుందనేది మూడింటి మీద ఆధారపడుతుంది: స్ప్రింగు ఎంత గట్టిగా అదుముతోంది, ప్లేటు ఎంత పెద్దది, లైనింగు ఎంత గరుకుగా పట్టుకుంటుంది. ప్రపంచంలో ఏ కంపెనీ "హెవీ డ్యూటీ" అని డబ్బా మీద రాసి అమ్మినా ఈ మూడింటిలో ఒకటో రెండో పెంచుతాడు తప్ప వేరే మంత్రం లేదు.

ఇప్పుడు 1940కి వెళదాం. యూరప్‌లో యుద్ధం ముదిరింది. అమెరికా సైన్యానికి తేలికగా, నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి కావాలి. టెండరు పిలిచి మొదటి బండి తయారుచేసి ఇవ్వడానికి 49 రోజులు గడువిచ్చారు. పెన్సిల్వేనియా రాష్ట్రం బట్లర్ ఊళ్లోని బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరుని పెట్టుకుని సెప్టెంబరు 23న బండి అప్పజెప్పింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ కూడా రంగంలోకి దిగాయి. సైన్యం మొదట అడిగిన బరువు 1,300 పౌండ్లు, అంటే 590 కిలోలు. మన మోటు ఎడ్లజత బరువు కన్నా తక్కువ! ఆ బరువులో అలాంటి బండి అసాధ్యమని తేలాక పరిమితిని 2,160 పౌండ్లకి పెంచారు. విల్లీస్ బండి ఇంజను అందరికంటే బలమైనది, 60 గుర్రాల బలం. కానీ బండి బరువెక్కువ. విల్లీస్ ఇంజనీరు బార్నీ రూస్ ఆ పరిమితిలోకి తేవడానికి బోల్టుల పొడవు దగ్గర నుంచి రంగు పూత దాకా తగ్గించాడని చెబుతారు. రంగు మందం కూడా లెక్కపెట్టుకున్న చోట క్లచ్ పెద్దది పెడతారా? ఆ విల్లీస్ ఎంబీ జీపులో పెట్టిన క్లచ్ ప్లేటు 7⅞ అంగుళాలది. ఎనిమిది కూడా కాదు. చిన్న అట్లపెనం అంత.

సైన్యానికి అది సరిపోయింది. ఎందుకంటే సైన్యంలో బండి ఎన్నాళ్లు బతుకుతుందనే లెక్క వేరు. పాడైతే పార్టుల డిపో వెనకే వస్తుంది, లేకపోతే ఇంకో బండి వస్తుంది. విల్లీస్, ఫోర్డ్ రెండూ కలిపి యుద్ధం ముగిసేలోగా సుమారు 6.4 లక్షల జీపులు తయారుచేశాయి. అన్ని బండ్లున్నవాడు క్లచ్ గురించి బెంగ పెట్టుకోడు.

యుద్ధం ముగిసే ముందే విల్లీస్ వాళ్లకి ఒక చింత పట్టుకుంది. సైన్యం కొనడం మానేస్తే ఈ బండి ఎవరు కొంటారు? వాళ్లకి తట్టిన జవాబు రైతు. 1944లోనే రైతు జీపు అని నమూనా బండ్లు చేశారు. కొన్నింటి మీద "అగ్రి జీప్" అని పలక కూడా బిగించారు. నాగలి లాగాలి, తొట్టి లాగాలి, వెనక పీటీవో తిరిగి నూర్పిడి మిషను నడపాలి, ఆదివారం అదే బండిలో ఊరికి వెళ్లాలి. అదీ ఊహ. 1945లో సీజే-2ఏ పేరుతో అమ్మకానికి వచ్చిన బండిలో ఏమేం మార్చారో చూస్తే రైతు పని ఎంత మొరటుదో వాళ్లకి అర్థమయిందని తెలుస్తుంది. గేర్‌బాక్స్ మార్చి బలమైనది పెట్టారు. యాక్సిల్ నిష్పత్తి 4.88 నుంచి 5.38కి పెంచారు. లో గేరు తగ్గింపు సుమారు 2 నుంచి సుమారు 2.4కి పెంచారు. క్లచ్‌ని 8½ అంగుళాలు చేశారు.

ఈ నెంబర్లు బోరు అనిపిస్తే ఒక్క లెక్క చూడండి. ఫస్ట్ గేరు, లో గేరు, యాక్సిల్ మూడూ కలిపి గుణిస్తే సైన్యం జీపులో ఇంజను సుమారు 25 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేది. రైతు జీపులో సుమారు 36 చుట్లు. అంటే అదే ఇంజనుతో చక్రం దగ్గర బలం దాదాపు ఒకటిన్నర రెట్లు. చాలామంది క్లచ్ పెద్దది చేశారు అన్నంత వరకే చెప్పుకుంటారు. నా దృష్టిలో అసలు తెలివైన పని ఈ గేర్ల మార్పు. క్లచ్‌ని బలపరచడం ఒక ఎత్తు, క్లచ్ మీద పడే భారాన్ని తగ్గించడం ఇంకో ఎత్తు. వాళ్లు రెండూ చేశారు. మనం తరువాత మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది మరిచిపోయాం. అదెలాగో ముందుకెళ్తే తెలుస్తుంది.

పాత జీపులకి ఇంకో చిన్న జబ్బు ఉండేది. క్లచ్ వదులుతుంటే బండి గడగడ వణికేది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. పెడల్ దగ్గర నుంచి వచ్చే కడ్డీలు ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస ఇంజను వైపు ఆనుకుని ఉంటాయి. ఇంజను ముందుకీ వెనక్కీ ఊగితే క్లచ్ తనంతట తనే పట్టుకుని వదులుతుంటుంది. దానికి విల్లీస్ వాళ్లు పెట్టిన మందు ఒక సన్నటి ఉక్కు తాడు. ఇంజను వెనక భాగాన్ని క్రాస్ మెంబరుకి కట్టి ఊగకుండా ఆపేది. తరువాత రోజుల్లో జీపులు విప్పి బిగించిన చాలా షెడ్లలో "ఈ తాడెందుకు" అని పక్కన పడేసిన వస్తువు అదే. పాత జీపు ఉన్నవాళ్లు వణుకుందని ప్లేటు మార్చే ముందు కింద దూరి ఆ తాడు ఉందో లేదో చూడండి.

మన దేశానికి జీపు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి, యుద్ధం అయ్యాక సైన్యం వదిలేసినవి డిస్పోజల్స్ అమ్మకాల్లో బయటకి రావడం. మన తీరానికి యుద్ధం దూరమేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. అప్పట్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. రెండో దారి మహీంద్రా. 1945లో జేసీ మహీంద్రా, కేసీ మహీంద్రా, గులాం మహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారానికి కంపెనీ పెట్టారు, పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశ విభజన తరువాత గులాం మహమ్మద్ పాకిస్తాన్ మొదటి ఆర్థికమంత్రి అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1940ల చివర్లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెచ్చి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. తరువాత ఇక్కడే తయారీ. మనం చిన్నప్పుడు చూసిన ఎత్తు బానెట్టు జీపు సీజే-3బీ నమూనా. పొడుగు ఇంజను పట్టడానికి బానెట్టు లేపారు. అమెరికాలో దాన్ని 1968లో ఆపేశారు, మన దగ్గర దాని వంశం ఆ తరువాత కూడా దశాబ్దాలు నడిచింది.

ఆ జీపు మన పల్లెలకి మొదట వచ్చింది రైతు బండిగా కాదు, సర్కారు బండిగా. 1952 అక్టోబరు 2న దేశంలో 55 చోట్ల సమాజ వికాస పథకాలు మొదలయ్యాయి. బ్లాకు ఆఫీసు, బీడీవో, ఆయన జీపు. మనవైపు పెద్దవాళ్లు ఇప్పటికీ "సమితి జీపు" అంటారు. విత్తనం వచ్చినా, మశూచి టీకా వచ్చినా, శిస్తు బకాయి కోసం వచ్చినా ఆ జీపులోనే. 1967 తరువాత కొన్నేళ్లు శ్రీకాకుళం ఏజెన్సీలో జీపు చప్పుడికి ఇంకో అర్థం కూడా ఉండేది. అది ఇక్కడ చెప్పే కథ కాదు గానీ, కొండ మీద జనం జీపు వినగానే అడవి వైపు చూసిన రోజులున్నాయని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు సాలూరు. లారీల ఊరని మనందరికీ తెలుసు. విజయవాడ తరువాత లారీలంటే సాలూరే అని గొప్పగా చెప్పుకుంటాం. ఎందుకలాగ అయిందంటే మ్యాపు చూస్తే చాలు. బొబ్బిలి నుంచి వచ్చిన రైలు సాలూరుతో ఆగిపోతుంది. ముందు కొండ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా కొరాపుట్ వైపు కూడా మన విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది. రాకపోకలు అప్పటివే. రైలు దిగిన ఉప్పు, బట్ట, కిరసనాయిలు కొండెక్కాలి, కొండ సరుకు దిగాలి. పి.కోనవలస మలుపులు, సుంకి ఘాటీ దాటి పొట్టంగి, కొరాపుట్, జగదల్‌పూర్. 1958లో దండకారణ్య ప్రాజెక్టు వచ్చి తూర్పు బెంగాల్ శరణార్థులకి కొరాపుట్, బస్తరు అడవుల్లో ఊళ్లు కట్టడం మొదలైతే ఆ దారి మీద బండ్లు ఇంకా పెరిగాయి. నిన్నమొన్నటి దాకా 43వ నెంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 26. ఆ దారే సాలూరుకి తిండి పెట్టింది. దానితోపాటు క్లచ్ పనీ నేర్పింది. లోడు లారీ ఘాటీ ఎక్కుతుంటే మలుపులో ఎదురు బండి వస్తే ఆపాలి, మళ్లీ కదలాలి. ఆ కదలడంలోనే క్లచ్ ప్లేటు ఆయుష్షు కరుగుతుంది. మైదానంలో డ్రైవరు ఏడాదిలో చేసే అరుగుదల ఘాటీ డ్రైవరు ఒక నెలలో చేస్తాడంటే నాకేమీ ఆశ్చర్యం ఉండదు.

అరిగిన ప్లేటుకి కొత్త లైనింగు రివెట్లు కొట్టి బిగించడం మన షెడ్లలో పాత విద్య. ఈ లైనింగు కథ కూడా కొండదే, చూడండి. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండ ప్రాంతంలో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, బండి తోలేవాళ్లు దిగుడులో చక్రానికి పాత బూట్లు అడ్డం కట్టి ఆపడం చూశాడని చెబుతారు. 1897లో బ్రేకు దిమ్మల పని మొదలుపెట్టి, తన ఇంటిపేరులోని అక్షరాలు అటూ ఇటూ చేసి ఫెరోడో అని పేరు పెట్టుకున్నాడు. మొదట నూలు పట్టీని తారులో నానబెట్టి వాడేవాడు. వేడికి అది ఆగక, పదేళ్ల తరువాత ఆస్‌బెస్టాస్ నేత వచ్చింది. తరువాత బొంబాయిలో హిందుస్తాన్ ఫెరోడో అని కంపెనీ కూడా పెట్టారు. మన జీపులు, లారీలు, ట్రాక్టర్లు అన్నిటి క్లచ్ లైనింగుల్లోనూ దశాబ్దాల పాటు ఉన్నది ఆ రాతినారే. అది ఊపిరితిత్తుల్ని తినేస్తుందని తెలిసే సరికి చాలా ఆలస్యమైంది. 1995లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం గురించి గట్టి తీర్పు ఇచ్చింది. మన షెడ్డు కుర్రాళ్లకి మాత్రం ఆ కబురు అందలేదు. ఇప్పటికీ గేర్‌బాక్స్ దించగానే బెల్ హౌసింగ్‌లో నల్లటి పొడిని గాలి గొట్టంతో ఫూ అని ఊదేస్తారు, నోరు తెరుచుకుని. పాత బండయితే దయచేసి తడిగుడ్డతో తుడవమనండి. మీరు కూడా అక్కడ నిలబడకండి.

అసలు మలుపు డీజిల్‌తో వచ్చింది. పాత జీపు పెట్రోలు ఇంజను. పెట్రోలు ధర పెరిగే కొద్దీ సర్కారు తప్ప ఎవరూ మేపలేని బండి అయింది. 1963లో మహీంద్రా వాళ్లు అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్‌తో కలిసి ట్రాక్టర్ల కంపెనీ పెట్టారు. అందులో తయారైంది బీ-275 ట్రాక్టరు. మన ఊళ్లలో ఇవాళ కూడా "రెండు డెబ్బై ఐదు" అంటున్నామే, ఆ నెంబరు అక్కడిదే. ఆ ట్రాక్టరు ఇంజను 144 ఘనపు అంగుళాలది, అంటే సుమారు 2,350 సీసీ. దాని వంశపు డీజిల్ ఇంజనునే తెచ్చి జీపులో పెట్టారు. రైతు కోసం క్లచ్ పెంచిన బండికి చివరికి రైతు ట్రాక్టరు గుండెకాయే వచ్చిందన్నమాట.

ఖర్చు తగ్గింది, క్లచ్ మీద కొత్త బరువు పడింది. డీజిల్ తక్కువ చుట్లలోనే బలంగా లాగుతుంది, ఒక్కో దెబ్బ సమ్మెటలా పడుతుంది. ఆ అదురు ప్లేటు నడుమ ఉన్న చిన్న స్ప్రింగుల మీద, రివెట్ల మీద పడుతుంది. 1980ల్లో ప్యుజో డీజిల్ వచ్చింది. ఎంఎం540 లాంటి బండ్లలో అదే. అది ఇంకో రకం. మెత్తగా నడుస్తుంది, 60కి పైగా గుర్రాల బలం, కానీ ఆ బలం రావాలంటే రేజు చేయాలి. ఎత్తులో లోడుతో కదలాలంటే డ్రైవరు రేజు ఇచ్చి సగం క్లచ్ మీద లాగించాలి. అలా ఒక ఇంజను అదురుతో, ఇంకో ఇంజను జారుడుతో క్లచ్‌ని తిన్నాయి. ఏది మంచిదని అడిగితే కొండకి నెమ్మది ఇంజనే మంచిదని నేనంటాను. ప్యుజో అభిమానులు కోప్పడవద్దు.

1990ల్లో కమాండరు, మార్షలు. ఏజెన్సీలో జీపు అంటే ఇక కమాండరే. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, పాచిపెంట ఎటు చూసినా సంత రోజున లోపల పదిహేను మంది, వెనక వేలాడుతూ అరడజను, టాపు మీద అనాస బుట్టలు, చింతపండు మూటలు, కొండ చీపుర్లు, కోళ్లు. బస్సు రాని ఊళ్లకి అదే బస్సు. పురిటి నొప్పులొచ్చిన ఆడపిల్లని డోలీలో తారు రోడ్డు దాకా మోసుకొస్తే అక్కడి నుంచి అదే అంబులెన్సు. మధ్యలో ఎత్తులో క్లచ్ చేతులెత్తేస్తే సరుకు ఆగిపోవడం కాదు, మనిషి ప్రాణం ఆగిపోతుంది. అందుకే ఈ కథ నాకు ఇనుము కథలా అనిపించదు.

ఇక్కడే ఇందాక చెప్పిన మరుపు జరిగింది. ఆ జీపుల్లో ఎక్కువ భాగం వెనక రెండు చక్రాలు లాగేవే. ధర తగ్గాలి గనక ముందు యాక్సిల్ లాగదు, లో గేరు పెట్టె ఉండదు. చూపుకి జీపు, లోపల సగం జీపు. 1945లో విల్లీస్ వాళ్లు రైతు కోసం బలపరిచిన లో గేరే ఇందులో తీసేశారు. ఆ పనంతా క్లచ్ నెత్తిన పడింది.

ఎంత పడిందో ఒక ఊహా లెక్క. బండి, జనం, మూటలు కలిపి రెండు టన్నులు అనుకుందాం. ఎనిమిదడుగులకి ఒక అడుగు లేచే ఎత్తు. టైరు సగం ఎత్తు 35 సెంటీమీటర్లు. పాత జీపు నిష్పత్తులే తీసుకుంటే లో గేరు లేకుండా ఫస్టు గేరులో ఇంజనుకి, చక్రానికి 15 రెట్ల తేడా. ఆ ఎత్తులో బ్రేకు లేకుండా సగం క్లచ్ మీద బండిని నిలబెట్టాలంటే ఇంజను 1,500 చుట్లు తిరుగుతుంటే క్లచ్‌లో పుట్టే వేడి సుమారు 9 కిలోవాట్లు. ఇంట్లో నీళ్లు కాచే ఒక కిలోవాటు హీటర్లు తొమ్మిది ఆ అట్లపెనం మీద ఒకేసారి పెట్టినట్టు. అర నిమిషం చాలు లైనింగు జిగురు వాసన రావడానికి. అదే లో గేరు ఉంటే వేడి నాలుగు కిలోవాట్ల లోపే. పైగా అసలు సగం క్లచ్ మీద నిలబెట్టాల్సిన అవసరమే రాదు. క్లచ్ పూర్తిగా వదిలేసినా బండి మనిషి నడక వేగంతో, గంటకి అయిదారు కిలోమీటర్లతో తనంతట తను పాకుతూ ఎక్కుతుంది. క్లచ్‌ని కాపాడేది పెద్ద ప్లేటు కన్నా చిన్న గేరు.

ఈ సంగతి మా ఇంట్లో పాత జీపు దగ్గర బాగా తెలిసింది. అది ఏ కంపెనీది, ఏ షాపు అనేది అనవసరం. మూడేళ్లలో రెండు ప్లేట్లు తినేసింది. మూడోసారి గేర్‌బాక్స్ దించినప్పుడు మా బావ "ఈసారి రేకుల ప్లేటు వేసేద్దాం" అన్నాడు. లారీలకి వేసే రకం, లైనింగు బదులు గట్టి ముక్కలు అతికించి ఉంటాయి. పట్టు అదిరిపోతుంది, నిజమే. నేను వద్దన్నాను. కారణం చెబుతాను, ఎందుకంటే హెవీ డ్యూటీ మోజు మనవైపు కుర్రాళ్లలో ఎక్కువైంది.

క్లచ్ ఒక ఫ్యూజు కూడా. ఇంట్లో ఫ్యూజు కాలుతోందని దాని స్థానంలో మేకు పెడితే ఫ్యూజు కాలదు, ఇల్లు కాలుతుంది. బండి బురదలో దిగబడి చక్రం ఒక రాయికి ఆనుకున్నప్పుడు డ్రైవరు రేజు చేసి గబుక్కున క్లచ్ వదిలితే ఆ బలం ఎక్కడో ఒకచోట తేలాలి. మెత్తని క్లచ్ జారి ఆ బలాన్ని వేడిగా తినేస్తుంది. మేకు లాంటి క్లచ్ జారదు. అప్పుడు గేరు పళ్లు రాలతాయి, లేదా వెనక యాక్సిల్ రాడ్ తెగుతుంది, లేదా క్రాస్ ఎగిరిపోతుంది. ప్లేటు మార్చడం ఒక రోజు పని. కొండ మీద యాక్సిల్ తెగితే ఆ రోజు కూలీ, సరుకు, టోయింగు అన్నీ మీవే. పైగా బలమైన స్ప్రింగుల ప్రెజర్ ప్లేటు వేస్తే పెడల్ రాయిలా ఉంటుంది. ఘాటీలో రోజుకి రెండొందల సార్లు తొక్కే ఎడమ మోకాలు ఎవరిది? మనదే.

అందుకని ఒక మెట్టు మాత్రమే ఎక్కాం. విల్లీస్ వాళ్లు ఏడు ముప్పాతిక చిల్లర నుంచి ఎనిమిదిన్నరకి పోయినట్టు. అదే ఫ్లైవీల్‌కి సరిపోయే, కాస్త బలమైన స్ప్రింగుల ప్రెజర్ ప్లేటు, మామూలు లైనింగులోనే మేలు రకం. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలున్నాయి, అంటే అది ఉడికిపోయింది. లేతులో పల్చగా కోయించాం. ఈ పని మానేసి కొత్త ప్లేటు వేసేవాళ్లే ఎక్కువ. పాడైన పెనం మీద కొత్త అట్టు పోసినట్టే అది. ఇంజను వెనక సీలు దగ్గర నూనె చెమ్మ కనిపించింది. అసలు దొంగ బహుశా అదే. లైనింగుకి నూనె తగిలాక ఎంత గొప్ప క్లచ్ అయినా జారుతుంది. సీలు, రిలీజ్ బేరింగు, ఫ్లైవీల్ నడుమ ఉండే చిన్న పైలట్ బేరింగు, అన్నీ ఆ దించుడులోనే మార్చేయాలి. వాటి ధర ఎంత, గేర్‌బాక్స్ రెండోసారి దించే కూలీ ఎంత, మీరే లెక్కేసుకోండి. బిగించాక పెడల్‌కి ఒక అంగుళం వదులు ఉంచాం. ఆ వదులు లేకపోతే క్లచ్ ఎప్పుడూ కొద్దిగా తొక్కినట్టే ఉంటుంది. తరువాత కొన్నాళ్లు లోడు వేయలేదు, కొత్త ఎద్దుని కాడికి అలవాటు చేసినట్టు.

ట్రాక్టరున్నవాళ్లకి ఒక మాట. మన ట్రాక్టరు క్లచ్‌ది ఇదే కథ, కానీ పరిష్కారం వేరే దారిలో పోయింది. 1917 నాటి ఫోర్డ్‌సన్ ట్రాక్టరులో పెద్ద ప్లేటు ఒకటి కాకుండా చిన్న ప్లేట్లు చాలా పెట్టి నూనెలో ముంచారు. ఇప్పుడు పెద్ద ట్రాక్టర్లలో ఆయిల్ క్లచ్ అని గొప్పగా చెప్పేది ఆ పాత ఆలోచనకి మనవడే. తరువాత 1956లో ఇంగ్లండులో ఫెర్గుసన్ 35 రెండంచెల క్లచ్‌తో వచ్చింది. పెడల్ సగం తొక్కితే చక్రం ఆగుతుంది, పూర్తిగా తొక్కితే పీటీవో ఆగుతుంది. రోటవేటరు తిరుగుతుండగానే గేరు మార్చుకోవచ్చు. మద్రాసులో టాఫే వాళ్లు 1960 నుంచి చేసిన మాసీ ఫెర్గుసన్ ట్రాక్టర్లు ఆ వంశానివే. డబల్ క్లచ్ ట్రాక్టరుకి మన దగ్గర ఎందుకు ఎక్కువ ధర పెడుతున్నామో ఇప్పుడు తెలిసింది గదా. దమ్ములో కేజీవీల్స్‌తో బురద మడిలో తిప్పే ట్రాక్టరుకి పెడల్ మీద కాలు ఆనించి తోలే డ్రైవరుని పెట్టుకుంటే మాత్రం ఏ డబల్ క్లచ్చూ ఆగదు.

2010లో థార్ వచ్చింది. అందులో నాలుగు చక్రాల రకంలో కామన్ రైల్ డీజిల్ ఇంజను, 105 గుర్రాల బలం, 247 న్యూటన్ మీటర్ల లాగుడు. పాత విల్లీస్ ఇంజనుది సుమారు 142. అంటే క్లచ్ పట్టాల్సిన బలం దాదాపు ముప్పాతిక వంతు పెరిగింది. 2020లో వచ్చిన కొత్త థార్ డీజిల్‌ది 300. దానికి ఆటోమేటిక్ కూడా ఇచ్చారు. అందులో తొక్కే క్లచ్ లేదు, నూనెతో బలం అందించే టార్క్ కన్వర్టరు ఉంటుంది. ఎత్తులో నిలబడి కదలడానికి అది హాయి. మన షెడ్లలో దాన్ని విప్పి బిగించగల చేయి మాత్రం ఇంకా తక్కువే. మాన్యువల్ నాలుగు చక్రాల రకంలో లో గేరు లివరు ఉంది, మంచిదే.

2023 జనవరిలో అదే థార్‌కి వెనక చక్రాలు మాత్రమే లాగే చవక రకం వచ్చింది. డీజిల్‌ది 1.5 లీటర్ల ఇంజను, మాన్యువల్ గేర్లు, లో గేరు లేదు. చూపుకి అచ్చం అదే బండి. పట్నం రోడ్డుకి దాంతో ఏ ఇబ్బందీ లేదు. సీతంపేట కొండ మీద అనాస తోటకి తిప్పడానికి కొందామని ఈ మధ్య ఇద్దరు తమ్ముళ్లు నన్ను అడిగారు. షోరూములో రంగు చూసే ముందు గేరు రాడ్డు పక్కన రెండో రాడ్డు ఉందో లేదో చూడమన్నాను.